హరిలాల్ పొయ్యిలో ఆకుపచ్చ మంట

కృప పాఠాలు చెప్పే బడి పాలకీడు మండలంలోని ఒక తండాలో ఉంది. రెండు గదులు, ఒక వరండా, ముందు ఇసుక నేల. అయిదు తరగతులకూ ఆమె ఒక్కతే టీచరు. నేరేడుచర్లలో కిరాయింట్లో ఉంటూ స్కూటీ మీద వచ్చిపోతుంది. తండావాళ్లు ఆమెను గౌరవంగానే చూస్తారు. కానీ నలుగురు నిలబడి తమ భాషలో మాట్లాడుకుంటున్నప్పుడు ఆమె అటు వెళ్తే, మాట తెగి, చిన్న మౌనం తర్వాత తెలుగులో మళ్లీ మొదలవుతుంది. ఆ మౌనం ఆమెకు ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు.

పిల్లల దగ్గర మాత్రం ఆ మౌనం ఉండదు. వాళ్లు ఏదైనా అడుగుతారు. ఒకరోజు మూడో తరగతి జగన్ లేచి, "టీచర్, మా ఇంట్ల గ్యాస్ మంట నీలంగుంటది. కట్టెల పొయ్యి మంట పసుపుగుంటది. రెండు మంటలే గద, రంగెందుకు మారింది?" అని అడిగాడు.

కృప నోటితో చెప్పి ఊరుకునే మనిషి కాదు. మరునాడు కొవ్వొత్తి, కరోనా నాటి నుంచి బీరువాలో మిగిలిపోయిన శానిటైజరు సీసా, ఉప్పు, ఎరువుల దుకాణంలో కొన్న చిటికెడు నీలం రంగు మైలుతుత్తం తెచ్చింది. వరండాలో సుద్దతో గీత గీసి పిల్లల్ని దాని అవతల కూర్చోబెట్టింది. పక్కన ఇసుక బకెట్ పెట్టుకుంది.

ముందు కొవ్వొత్తి వెలిగించి, మంటలో స్టీలు చెంచా పెట్టి తీసింది. చెంచా అడుగు నల్లబడింది.

"ఇదేంది?"

"మసి!"

"ఈ మసే మంటల పసుపుగ మెరుస్తుంది. సగం కాలిన నలుసులు వేడికి మెరుస్తయి. కొలిమిల ఇనుము ఎర్రగ అయితది సూడుండ్రి, గట్లనే. గ్యాస్ పొయ్యిల గాలి మంచిగ కలుస్తది. మసి మిగలకుంట కాలుతది. మసి లేకపోతే పసుపు లేదు. అప్పుడు మండే గ్యాస్ నీలం రంగు మనకు కనబడుతది."

తర్వాత శానిటైజరును చిన్న పళ్లెంలో పోసి అంటించింది. మంట ఉందో లేదో తెలియనంత పలుచగా లేచింది. ఉప్పు చల్లితే వీధిదీపంలా పసుపుగా మారింది. ఇంకో పళ్లెంలో శానిటైజరు పోసి, తుత్తం వేసి అంటించింది. ఆకుపచ్చ మంట లేచేసరికి పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. గీత దాటబోయిన వాళ్లను వెనక్కి కూర్చోబెట్టి ఆమె చెంచా తీసుకుంది. స్టీలు గ్లాసు మీద కొట్టింది, మట్టికుండ మీద కొట్టింది.

"కొట్టింది ఒకటే చెంచ. సప్పుడు ఒకటేనా?"

"కాదు!"

"వేడి గూడ గిట్లనే తడుతది. ఉప్పుల సోడియం ఉంటది. దానికి వేడి తగిలితే పసుపు వెలుగిస్తది. తుత్తంల రాగి ఉంటది. దానికి తగిలితే ఆకుపచ్చ."

"అంటే మంట రంగు సూసి అండ్ల ఏం కాలుతుందో చెప్పొచ్చా టీచర్?" అని జగన్ అడిగాడు.

"చెప్పొచ్చు," అంది కృప.

అప్పుడు దేవిక లేచింది. రెండో తరగతి పిల్ల. పిలిస్తే తప్ప మాట్లాడదు. "మా పొయ్యిల గూడ పచ్చ మంటొస్తది," అంది.

"ఏ పచ్చ? పసుపుపచ్చనా, ఆకుపచ్చనా?"

దేవిక నడిచి వెళ్లి గోడ మీది బొమ్మల్లో చిలకను వేలితో తాకింది. "గిది. అంచుల పొంటి వస్తది."

కృపకు సంబరమైంది. "ఎంత మంచిగ సూసినవే! మరి మీ పొయ్యిల ఏమున్నట్టు?"

"రాగి!" అని బడంతా అరిచింది. అందరి చేతా దేవికకు చప్పట్లు కొట్టించింది కృప. ఆ పిల్ల తల వంచుకుని నవ్వుతూ కూర్చుంది.

ఆ రోజుల్లో కాలువ గట్టు మీది మోటార్ల వైర్లను ఎవరో కోసుకుపోతున్నారు. పొద్దున్నే నీళ్లు పెడదామని వెళ్లిన రైతుకు మోటారు ఉంటుంది, వైరు ఉండదు. దొంగలు పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగును కాల్చి, లోపలి రాగిని అమ్ముకుంటారని అందరికీ తెలుసు. నాట్ల అదనులో జగన్ తండ్రి సక్రు వైరు కూడా పోయింది. అప్పటి నుంచి తండాలో ఒకరి సంచి వంక ఒకరు చూసుకుంటున్నారు. ఈ సంగతి కృపకు చెవిన పడింది కానీ, బడికీ దానికీ ముడి ఉందని ఆమెకు తోచలేదు.

మరునాడు ప్రార్థన కాకముందే సక్రు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మేడం, ఒక మాట. పచ్చ మంటొస్తే రాగేనా?"

"రాగి ఉంటే వస్తదన్నా. పిల్లలకు నిన్న అదే సూపిచ్చిన."

"పక్కానా?"

"పక్కా."

అతను తల ఊపి వెళ్లిపోయాడు. ఎందుకు అడిగాడో ఆమె అడగలేదు. కొడుకు చెప్పిన పాఠం మీద తండ్రికి ఆసక్తి కలిగిందని మురిసిపోయింది కూడా.

రెండో గంట కొట్టకముందే జగన్ కిటికీలోంచి చూసి అరిచాడు. "టీచర్, మా బాపు వాళ్లు దేవికోళ్ల బూడిద తవ్వుతున్నరు!"

కృప వరండాలోకి వచ్చింది. దేవిక ఇల్లు బడికి ఎదురుగా, కొద్ది దూరంలో ఉంది. ఏడెనిమిది మంది మగవాళ్లు ఇంటి పక్క బూడిదకుప్పను పారలతో తిరగేస్తున్నారు. దేవిక తండ్రి హరిలాల్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను హాలియా వైపు నుంచి ఈ తండాకు ఇల్లరికం వచ్చినవాడు. ట్రాలీ ఆటో నడుపుతాడు, మిర్యాలగూడ మిల్లులకు సరుకు వేస్తాడు. బడిలోంచి చూస్తే అతని ముఖం కనిపించలేదు. కిటికీలోంచి దేవిక కూడా అంతా చూసింది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరిగెత్తింది.

బూడిదలో వాళ్లకు ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం అతనికి మేలు చేయలేదు. "అమ్ముకొచ్చిండు, ఇంక యాడుంటది?" అన్నారు. హరిలాల్ మొన్న కొన్న ఫోను ఒకరికి గుర్తొచ్చింది. ఆటోకు ఎప్పుడూ టార్పాలిన్ ఎందుకు కప్పుతాడని ఒకరు అన్నారు. పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడతాడని ఇంకొకరు అన్నారు. ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోని విషయాలన్నీ ఒక్క పూటలో రుజువులైపోయాయి.

కృప అక్కడికి వెళ్లలేదు. బడి వేళ అని తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆమెకూ అనుమానం పుట్టింది. కిందటి వారం తల్లిని చూడటానికి మిర్యాలగూడ పోయినప్పుడు, పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు హరిలాల్ ఆటో ఆగి ఉండటం చూసింది. అప్పుడు అదేమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ ఆటో కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

దేవిక బడికి రావడం మానేసింది. పిల్లల్ని అడిగితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ఊరుకున్నారు. పెద్దవాళ్ల మౌనం వీళ్లకు ఇంత త్వరగా ఎలా పట్టుబడిందా అనిపించింది ఆమెకు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వాళ్లు దొంగా పోలీసు ఆట మొదలుపెట్టారు. ఆటలో దొంగకు హరిలాల్ అని పేరు పెట్టారు. కృప కోప్పడి ఆట ఆపించింది. ఆగింది కానీ, బడి గోడ అవతల మళ్లీ మొదలైంది.

ఆదివారం చర్చి అయ్యాక కృప మిర్యాలగూడలో తల్లి దగ్గరికి వెళ్లింది. పిచ్చమ్మ ఒకప్పుడు రైస్ మిల్లులో కూలి. బాయిలర్ దగ్గర ఊక ఎత్తేది, కళ్లంలో వడ్లు తిరగేసేది. కూతురు జరిగిందంతా చెబుతుంటే ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"ఏమన్న దొరికిందా?"

"లేదమ్మా."

"మరి?"

"నాకు గూడ ఏమో తెలుస్తలేదు. దుకాణం ముందట నేనే సూసిన గద."

పిచ్చమ్మ చిక్కుడుకాయలు పక్కకు పెట్టి, "రోజు పొద్దుమీకి మిల్లు గేటు దగ్గర మా చీరలు దులిపిచ్చేటోళ్లు, యాదికున్నదా?" అంది.

కృపకు గుర్తుంది. బడి నుంచి వచ్చి గేటు బయట తల్లి కోసం నిలబడేది. ఆడకూలీలు వరుసగా వచ్చి, కొంగులూ కుచ్చెళ్లూ విదిలించి చూపించి బయటికి వచ్చేవాళ్లు. బియ్యం దాచుకుపోతున్నారేమోనని. తల్లి విదిలిస్తున్నప్పుడు కృప రోడ్డు వైపు తిరిగి లారీలను చూసేది.

"సూసినంక వాచ్‌మన్ 'పోమ్మా' అనేటోడు. 'నువ్వు తీయలేదు' అని ఎన్నడన్న అన్నడా? అనలే. మల్లా తెల్లారి దులపాలె," అంది పిచ్చమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు కృప స్కూటీని ఆ పాత సామాన్ల దుకాణం ముందు ఆపింది. అడిగితే తేలిపోతుందని అనుకుంది. లోపలి నుంచి దుకాణదారు వచ్చి, "ఏం తెచ్చినవమ్మా?" అన్నాడు. ఆమె చేతిలో ఏమీ లేదు. ఒక మనిషి దొంగ అవునో కాదో చెప్పమని ముక్కూ మొహం తెలియని వాణ్ని ఎలా అడుగుతుంది? "ఏం లేదు," అని బండి తిప్పుకుంది.

సోమవారం బడి వదిలాక నేరుగా హరిలాల్ ఇంటికి వెళ్లింది. అతని భార్య నీరజ వాకిట్లో గిన్నెలు తోముతోంది. లేవలేదు, కూర్చోమనలేదు.

"దేవిక బడికొస్తలేదని వచ్చిన చెల్లె."

"మీరే గద మేడం చప్పట్లు కొట్టిచ్చింది?" అంది నీరజ గిన్నె మీంచి కళ్లెత్తకుండా. "పిల్ల ఇంటికొచ్చి ఎంత సంబరంగ చెప్పిందో తెలుసా? 'నేను చెప్పింది కరెక్ట్ అన్నరు' అని. ఇప్పుడు వాళ్ల బాపు మొకం సూడనీకె భయపడుతుంది."

లోపల తలుపు వెనక దేవిక పాదాలు కనిపించాయి. ఆ పాదాలు కదల్లేదు.

"ఆ మంట నాకొకసారి సూపిస్తవా?" అని అడిగింది చివరికి.

నీరజ చాలాసేపు చూసింది. ఈమె కూడా తవ్వడానికే వచ్చిందా అన్నట్టు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని, పొయ్యి పక్కన పేర్చిన కట్టెల్లోంచి రెండు తీసి అంటించింది. వంకర తిరిగిన లావుపాటి కట్టెలు. ముందు పొగ, తర్వాత మామూలు పసుపు మంట. కొంచెం ఆగాక బెరడు పట్టుకుంది. మంట అంచుల వెంట ఆకుపచ్చ పాకింది. దేవిక చెప్పింది అక్షరాలా నిజం.

కృప మిగిలిన కట్టెల్లో ఒకదాన్ని వెలుతురులోకి తెచ్చి గోటితో గీకింది. బెరడు పగుళ్లలో సున్నం లాంటి పొడి. తెల్లగా కాదు, నీలంగా ఉంది.

"ఈ కట్టెలు యాడియి?"

జవాబు వెనక నుంచి వచ్చింది. హరిలాల్ అప్పుడే ఆటో దిగి వచ్చాడు. "మా అన్నలది హాలియా దగ్గర బత్తాయి తోట. ఎండిపోతే కొట్టేసిండ్రు. మోసుకొచ్చుకున్న. తండాల గూడ కొందరికి అమ్మిన. ఇప్పుడు కట్టెలు గూడ దొంగియంటరా మేడం?"

"తోటల ఉన్నప్పుడు చెట్ల మొదళ్లకు మందు పూస్తుండెనా?"

"తెగులు రాకుంట సున్నం, మైలుతుత్తం కలిపి ఏటేట పూసేటోళ్లు. ఎందుకు?"

కృప గుండె మీది బరువు సగం దిగింది. సగమే. తాను అతని ముందు నిలబడి ఉన్నది కనుక దాచకుండా అడిగేసింది. "మిర్యాలగూడల పాత సామాన్ల దుకాణం కాడ మీ ఆటోను సూసిన."

అతని ముఖం గట్టిపడింది. "ఆ దుకాణపోళ్ల ఇంటికి బియ్యం బస్తాలు ఏసొచ్చిన. నమ్ముతరా?"

నమ్ముతున్నానని వెంటనే అనలేకపోయింది. అబద్ధమని అనుకోవడానికీ కారణం లేదు. అతను ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె సక్రు ఇంటికి వెళ్లి, "మీ కొడుకు అడిగినదానికి నేను సగమే జవాబు చెప్పిన అన్నా. తక్కిన సగం రేపు పొద్దుగాల చెప్త. మీరు రావాలె. బూడిద తవ్వినోళ్లందర్ని తీస్కరాండ్రి," అంది.

మరునాడు ప్రార్థన వేళకు బడి ముందు మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు నిలబడ్డారు. కృప హరిలాల్ ఇంటి కట్టెల్లోంచి తెచ్చిన ఒక బత్తాయి మొద్దు బెరడు చెక్కి ఒక పెంకు మీద పెట్టింది. చెక్కిన తెల్లని కట్టెను ఇంకో పెంకు మీద పెట్టింది. రెండింటినీ అంటించింది. తెల్లకట్టె పసుపుగా కాలింది. బెరడు మంటకు ఆకుపచ్చ అంచు వచ్చింది.

"ఇండ్ల వైరు లేదు. తోటల పూసిన తుత్తం ఉన్నది," అంది. "పచ్చ మంట రాగి ఉన్నదని చెప్తది. ఆ రాగి యాడినుంచొచ్చింది, ఎవరు తెచ్చిండ్రు అనేది చెప్పది. ఆనాడు నేను ఈ మాట చెప్పాలె. చెప్పలే. తప్పు నాది."

సక్రు ఒప్పుకోలేదు. "కట్టెలకు తుత్తం ఉన్నదనుకో మేడం. అయితే వైరు కాల్చలేదని ఎట్ల?"

"ఎట్లని నేను గూడ చెప్పలేను. మంటను సూసి అది తెలువది. కాల్చిండని గూడ తెలువది."

అప్పుడు వెనక నుంచి సక్రు భార్య రుక్మిణి తన భాషలో ఏదో అంది. ఆడవాళ్లు గబుక్కున ఆమె వైపు తిరిగారు. పిల్లలు కొందరు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. రుక్మిణి ముందుకు వచ్చి, కృపకు తెలియాలని తెలుగులో మళ్లీ చెప్పింది. "మా నీళ్ల కాగు కింద గూడ గిదే మంట మేడం. హరిలాల్ తాన కొన్న కట్టెలే. నేను రోజు సూస్తనే ఉన్న."

సక్రు అదిరిపడ్డాడు. "మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వేమో పచ్చ మంట, దొంగ మంట అని తండంత తిరుగుతివి. గదే మంట మనింట్ల వస్తే నాకేమనిపిస్తది? నీ వైరు నువ్వే కోసి ఏమన్న చేసినవేమో అనుకున్న. నీళ్లు కాగంగనే మంట ఆర్పి, బూడిద దూరం తీస్కపోయి పోస్తున్న."

ఆ మాట విన్నాక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మెల్లగా నోరు విప్పారు. వాళ్ల ఇళ్లలోనూ అంతే. ఒకామె గాలి సోకిందేమోనని భయపడి పొయ్యి మీద పసుపునీళ్లు చల్లింది. ఇంకొకామె ఆ కట్టెల్ని గోనెసంచి కింద దాచింది. బూడిద తవ్విన నాటి నుంచి తండాలో చాలామంది తమ పొయ్యిలను తామే కాపలా కాస్తూ, ఎవరికీ చెప్పకుండా బతికారు.

సక్రు క్షమించమని ఎవరినీ అడగలేదు. మొద్దును అటూ ఇటూ తిప్పి చూశాడు. బెరడు వాసన చూశాడు. "నాట్లకు యాళ్లయితుంది," అని కొడుకు తల మీద ఒక్కటి వేసి వెళ్లిపోయాడు. హరిలాల్ ప్రహరీ అవతల ఆటోలో కూర్చుని ఉండటం కృప తర్వాత చూసింది. అతను లోపలికి రాలేదు.

వైర్లు కోసింది ఎవరో నేటికీ తెలియలేదు. ఆ తర్వాత కాలువ దిగువన మరికొన్ని పోయాయి. తండాలో సగం మంది హరిలాల్‌తో మునుపటిలాగే మాట్లాడతారు. తక్కిన వాళ్లు ఏమీ అనరు కానీ, అతను ఆటో ఆపిన చోటును ఒకసారి చూసి పోతారు. అతను మళ్లీ ఎవరికీ కట్టెలు అమ్మలేదు. కృప కూడా, టార్పాలిన్ కప్పిన అతని ఆటో స్కూటీకి ఎదురొస్తే, చూడొద్దు అనుకుంటూనే ఆ టార్పాలిన్ వంక చూస్తుంది. ఇది ఆమె భర్త జాన్‌తో ఒకసారి చెప్పుకుంది. "తెలిసినంక గూడ పోతలేదు," అంది.

దేవిక తల్లి చేయి పట్టుకుని బడికి తిరిగి వచ్చింది. మునుపు కూర్చున్న చోటే కూర్చుంది, రాయమన్నది రాసింది. నోరు మాత్రం విప్పలేదు. ప్రశ్న అడిగితే, చెబితే ఎవరు వింటారో అన్నట్టు ముందు చుట్టూ చూసేది. కృప బలవంతం చేయలేదు. చప్పట్లు కొట్టించడం మానేసింది. పాఠంలో ఏదైనా అడిగి జవాబు రాగానే, "ఇంకేమన్న అయి ఉండొచ్చా?" అని అడగడం అలవాటు చేసుకుంది. పిల్లలకు అది మొదట చిరాకేసింది. తర్వాత వాళ్లే పోటీపడి వింత వింత కారణాలు చెప్పసాగారు. దేవిక వినేది.

వానలు వెనకబట్టాక, ఒక మధ్యాహ్నం పిల్లలంతా ఆటలో ఉండగా దేవిక వరండాలోకి వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడింది. గేటు వైపు, కిటికీ వైపు చూసింది.

"ఒకటడుగుత. ఎవరికి చెప్పొద్దు టీచర్."

"ఎవరికి చెప్పను."

"అగ్గిపుల్ల గీయంగనే భగ్గుమని తెల్లగెందుకు మండుతది? తర్వాత ఎందుకు పసుపు అయితది?"

కృప అగ్గిపెట్టె తీసింది. "కొనకు పూసిన మందులోనే, గాలి చేసే పని చేసే సరుకు ఉంటది. అందుకే అది అంత జోరుగ మండుతది. తర్వాత ఒట్టి పుల్ల మిగులుతది. పుల్ల మెల్లగ కాలుతది, మసి మెరుస్తది. నాకు తెలిసింది ఇది. ఇంకేమన్న గూడ ఉండొచ్చు. దా, సూద్దాం."

పుల్ల గీసింది. ఇద్దరూ ముఖాలు దగ్గరగా పెట్టి, అది ఆరేదాకా చూశారు.

"తెల్లకు, పసుపుకు నడుమ ఇంకోటొచ్చింది," అంది దేవిక. "వంకాయ పువ్వు లెక్క. జర్రంతనే. మీరు సూడలే."

కృప నిజంగానే చూడలేదు. ఇంకో పుల్ల తీసింది.